ఘడీల దుకాణంలో యుద్ధనౌక

ఎల్లారెడ్డికి సముద్రం ఎంత దూరమో నాకు తెలియదు. ఒక యుద్ధనౌక మంచిదో కాదో చెప్పడానికి ఆ ఊరికి టికెట్టు కొనుక్కుని వెళ్లిన మనిషిని మాత్రం బహుశా నేనొక్కణ్ణే అయ్యుంటాను. ఎనభైల చివరి సంవత్సరాల మాట. మార్చి నెల, రెండో శనివారం, ఆఫీసుకు సెలవు. పొద్దున్నే వెళ్లి రాత్రి భోజనం వేళకు ఇల్లు చేరవచ్చని లెక్క వేసుకుని బయల్దేరాను. బండి ఆలస్యమైనా, కాస్త అటూఇటూగా చేరాను కూడా. భోజనమే సయించలేదు.

నేను సికింద్రాబాదులో ఒక ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్‌ని. సెలవు రోజుల్లో ప్లాస్టిక్ ఓడలు కడతాను. అవి పిల్లల ఆటబొమ్మలు కావు. ఒక పెట్టెలో రెండు మూడు వందల ముక్కలు ప్లాస్టిక్ చట్రాలకు అంటుకుని వస్తాయి. వాటిని కోసి, ఆకురాయితో నున్నగా చేసి, జిగురు పెట్టి, రంగు వేస్తే రెండో ప్రపంచ యుద్ధం నాటి ఓడ మూరెడు పొడవున టేబుల్ మీద నిలబడుతుంది. ఈ కిట్లు మన బజార్లలో దొరకవు, విదేశాల నుంచి వచ్చేవాళ్ల సామానులో రావాలి. ఇలాంటి పిచ్చి ఉన్నవాళ్లం జంట నగరాల్లో పది పన్నెండు మందిమి ఉన్నాం. ఏడాదికొకసారి ఒక స్కూలు హాల్లో పోటీ పెట్టుకుంటాం. మార్కులు వేసేది నేనే. నా కన్ను మీద నాకు చాలా నమ్మకం, పొగరు అన్నా కాదనను. ఒక ఏడు ఒకాయన అడుగు భాగం అతుకు సరిగా కలవని ఓడ తెచ్చి, "కిట్టే వంకరగా వచ్చింది సార్" అని నసిగాడు. "మార్కులు కిట్టుకు వేయనా, మీకు వేయనా?" అన్నాను. హాలంతా నవ్వింది. ఆ మాటను మా వాళ్లు చాలా రోజులు చెప్పుకున్నారు.

పాత కిట్లను తూచడం ఒక విద్య. ఉక్కు అచ్చులోకి కరిగిన ప్లాస్టిక్ పంపి ఓడ భాగాలు తీస్తారు. అచ్చు కొత్తగా ఉన్నప్పుడు వచ్చిన ముక్కలు పదునుగా ఉంటాయి, ఫిరంగి గొట్టం గుండ్రంగా, నిచ్చెన నిచ్చెనలా. వేల సార్లు వాడాక అచ్చు అరుగుతుంది. అంచుల వెంట అక్కర్లేని పలచటి పొర కారుతుంది. ఓడ అడుగు ఎప్పుడూ రెండు సగాలుగానే వస్తుంది, కుడిది ఒకటి, ఎడమది ఒకటి. అచ్చు అరిగాక ఆ రెండూ ఒకదానితో ఒకటి కలవడం మానేస్తాయి. అయినా అచ్చును ఊరికే పారేయరు, పెట్టె మీద కొత్త బొమ్మ వేసి అదే సరుకు మళ్లీ పంపుతారు. అందుకని పెట్టె అట్ట మందం, బొమ్మ రంగులు, పక్కన అచ్చు వేసిన అక్షరాలు చూసి అది ఏ కాలపు సరుకో చెప్పగలగాలి. అది నాకు బాగా వచ్చునని మావాళ్లందరూ ఒప్పుకుంటారు.

ఈ పేరే నన్ను ఎల్లారెడ్డి లాక్కెళ్లింది. మేము చిన్న ఆకురాళ్లు, సన్నటి పట్టకార్లు కొనేది సికింద్రాబాదులో గడియారం సామాను అమ్మే ఒక కొట్లో. ఎల్లారెడ్డి నుంచి ఖాజా మియా అనే గడియారాలు బాగుచేసే ఆయన కూడా ఏళ్లుగా అక్కడికే వస్తాడట. కొట్టతను ఆయనకు నా సంగతి చెప్పాడు. ఒక పోస్టుకార్డు వచ్చింది, ఎవరి చేతనో తెలుగులో రాయించినది. తన దగ్గర సీలు తీయని యుద్ధనౌక డబ్బా ఒకటి, అదే రకం కట్టిన ఓడ ఒకటి ఉన్నాయని, నేను వచ్చి డబ్బా మంచిదో చెడ్డదో చెప్పాలని, రానుపోను ఖర్చు తానే పెట్టుకుంటానని అందులో ఉంది.

సీలు తీయని డబ్బా అన్న మాట దగ్గర నా కళ్లు ఆగిపోయాయి. పాత డబ్బా అయితే, ఆ పెద్దాయనకు దాని సంగతి తెలియకపోతే, మెల్లగా మాటల్లో పెట్టి తెచ్చుకోవచ్చు. నిజం చెప్పాలంటే నేను బయల్దేరింది అందుకు. సంచిలో భూతద్దం, చిన్న టార్చి, మడత కత్తి, ఉక్కు స్కేలు పెట్టుకున్నాను. డబ్బా దొరికితే చుట్టడానికి పాత దుప్పటి కూడా పెట్టాను.

సికింద్రాబాదులో ఆరు ఇరవైకి మీటరు గేజి బండి. అందులో కూర్చున్నవాళ్లకు తెలుసు, అది వెళ్లే దానికంటే ఆగేదే ఎక్కువ. మేడ్చల్ దాటాక తెల్లటి ఎండ రైలు పెట్టెలోకి వచ్చింది. వెళ్లేవాళ్లు ఎడమ వైపు కిటికీ పట్టుకుంటే పొద్దున పూట ఎండ తప్పుతుంది. నాకు ఎదురుగా ముప్పై ఏళ్ల మనిషి ఒకడు ఎక్స్‌రే కవరు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. గల్ఫుకు పోవడానికి డాక్టరు పరీక్ష చేయించుకుని వస్తున్నాడట, పాసయ్యాడట. పాసైనవాడి ముఖంలా లేదు. నన్ను కూడా అలాంటివాడినే అనుకున్నట్టున్నాడు, ఏ దేశం పోతున్నరని అడిగాడు. ఎల్లారెడ్డి అన్నాను. అతను నవ్వకుండా తల ఊపాడు.

పది దాటి అయిదు నిమిషాలకు కామారెడ్డి. స్టేషను బయట రెండు ఇడ్లీలు, చాయ్. చట్నీలో కారం దండిగా ఉంది, ఇడ్లీ గట్టిగా ఉంది. అక్కడి నుంచి బస్టాండుకు నడిచాను. దారిలో బెల్లం బండ్లు అడ్డంగా ఆగి ఉన్నాయి, వాసన ఆ వీధి చివరి దాకా వెంట వచ్చింది. పది నలభై అయిదుకు ఎల్లారెడ్డి ఎర్ర బస్సు. టికెట్టు ధర ఇప్పుడు రాసినా ఎవరికీ పనికిరాదు. కిటికీ అద్దాలు సగం లేవు. దుమ్ము పడనివాళ్లు వెనక సీట్లలో కూర్చోవద్దు.

పక్కన కూర్చున్న రైతు లింగంపేటలో దిగాలి. కాళ్ల దగ్గర యూరియా సంచిలో ఏదో పంపు భాగం పెట్టుకున్నాడు. ఎల్లారెడ్డిలో ఎవరింటికని అడిగితే చెప్పాను. ఆయన ఆ సంచి సర్దుకుని, "ఘడీల ఖాజా మియానా? కొడుకు సౌదీల సచ్చిపోయిండు సార్. రెండేండ్లాయె. పిలగాడు మంచోడే. చెయ్యి మంచిగ లేదని తండ్రే దుకాణంల కూసోనియ్యలే" అన్నాడు.

ఎవరు చెప్పారని అడిగాను. ఎవరో చెప్పడమేమిటి, ఖాజా మియానే బజారులో అందరికీ చెప్పేవాడు అన్నాడు. లింగంపేటలో ఆయన దిగిపోయాడు. రోడ్డుకు రెండు వైపులా వరి పచ్చగా ఉంది. నేను సంచిలో దుప్పటి ఉందన్న సంగతి మర్చిపోవడానికి ప్రయత్నించాను.

పన్నెండు ఇరవైకి ఎల్లారెడ్డి. బస్టాండు నుంచి బజారులోకి నాలుగు నిమిషాల నడక. దుకాణం ఎడమ చేతి వైపు, పాన్‌డబ్బా పక్కన. పైన రేకులు, ముందు అద్దాల బల్ల. బల్ల లోపల బాగుకు వచ్చిన గడియారాలు, ఒక్కొక్కదానికి దారంతో చీటీ కట్టి ఉన్నాయి. ఖాజా మియాకు అరవై దాటి ఉంటాయి. సన్నటి మనిషి, తెల్లటి గడ్డం, కుడి కంటి చుట్టూ అద్దం పెట్టి పెట్టి పడ్డ గుండ్రటి మచ్చ. లేచి నిలబడి, "రాండ్రి సార్, వస్తరో రారో అనుకున్న" అని తన కుర్చీ నాకిచ్చి తాను స్టూలు మీద కూర్చున్నాడు. చాయ్ తెప్పించాడు. నేను చాచా అని పిలిచాను. ఆ పిలుపులో కొంచెం బేరం ఉందని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

చాయ్ తాగుతూ ఆయన చెప్పినది ఇది. వాళ్లింట్లో దుకాణం కుర్చీ వారసత్వంగా రాదు. నేర్చుకునేవాడు చివరికి ఒక పరీక్ష గెలవాలి. ఆయన తండ్రి ఆయనకు ఒక జేబు గడియారం పూర్తిగా విప్పించి, ముక్కలన్నీ గిన్నెలో కలిపి ఇచ్చాడట. కొడుకు రహీం వంతు వచ్చేసరికి, కువైటు నుంచి వచ్చిన బంధువు ఒకతను ఈ ఓడ డబ్బా కానుకగా తెచ్చాడు. మూడు వందల ముక్కలు, కంపెనీ సీలు, కంపెనీ కాగితం, ఊరిలో సాయం చేయగలవాడు ఒక్కడూ లేడు. పరీక్షకు ఇంతకంటే మంచిది ఏముంటుందని ఖాజా మియా ఆ డబ్బానే కొడుకు ముందు పెట్టాడు. షరతు ఒక్కటే.

"కంపెనీ పుర్జా తప్పుండదు సార్. ముక్క కూసుంటలేదంటే చెయ్యి తప్పు. పుర్జా మీద ఆకురాయి పెట్టినోడు ఘడీసాజ్ కాదు. మా అబ్బా నాకు గిదే చెప్పిండు, నేను రహీంకు గిదే చెప్పిన."

ఘడీసాజ్ అంటే గడియారాలు బాగుచేసేవాడు, పుర్జా అంటే లోపలి ముక్క. ఆ పనిలో అది మంచి నియమమే. పళ్లచక్రాన్ని ఆకురాయితో గీకినవాడు గడియారాన్ని చంపుతాడు. కానీ మా పనిలో మొదట పట్టుకునేదే ఆకురాయి. ఆ మాట నా నోటి చివరి దాకా వచ్చింది. ఆయన ఇంకా చెబుతున్నాడని ఆగాను.

రహీం నలభై రోజులు కట్టాడు. రోజూ పని అయ్యాక, దుకాణం వెనక ఇంట్లో, కిటికీ దగ్గర కూర్చుని. ఓడ పూర్తయ్యాక ఖాజా మియా కంటికి అద్దం పెట్టుకుని చూశాడు. అడుగు అతుకు వెంట, ఓడ పైమేడ అంచుల వెంట ఆకురాయి గీతలు కనబడ్డాయి. బల్ల ముందు పదిమంది ఉన్నారు, వాళ్ల ముందే ఇది ఘడీసాజ్ చెయ్యి కాదు అన్నాడు. రహీం ఒక్క మాటే అన్నాడట, అబ్బా, డబ్బానే వంకర ఉన్నది అని. కంపెనీ వంకర పంపుతదా అని తండ్రి అడిగాడు. అప్పటి నుంచి బజారులో ఎవరడిగినా, నా కొడుకుది ఘడీసాజ్ చెయ్యి కాదని చెప్పాడు. ఆరు నెలలకు రహీం సౌదీ వెళ్లాడు, గడియారాల పనికి కాదు, బిల్డింగుల పనికి. మొదటి జీతాలతో వెదికి వెదికి అదే ఓడ డబ్బా ఇంకొకటి కొని, ఊరికి వస్తున్న మనిషి చేత పంపాడు. సీలు తీయొద్దన్నాడు. వచ్చాక అబ్బా ముందు కూర్చుని తెరుస్తానని, ఆయనే చూడాలని కబురు చెప్పాడు. రెండు నెలలకు కట్టెల మంచె విరిగి ఆరో అంతస్తు నుంచి పడ్డాడు. అక్కడే పూడ్చారు.

ఇదంతా ఖాజా మియా గొంతు పెంచకుండా, తగ్గించకుండా చెప్పాడు. తర్వాత బల్ల కింది అర నుంచి తెల్ల గుడ్డలో చుట్టిన డబ్బా తీసి నా ముందు పెట్టాడు. రెండేళ్లుగా ఎందుకు తెరవలేదని అడిగాను.

"తెరిస్తే తెలుస్తది గద సార్" అన్నాడు. "నేను చూస్తే నా కండ్లు నా దిక్కే చూస్తయి. అందుకే మిమ్ముల పిలిచిన."

నేను ముందు కట్టిన ఓడను అడిగాను. గోడ మీది అద్దాల పెట్టెలో, ఆగిపోయిన గడియారాల పక్కన ఉంది. బూడిద రంగు క్రూయిజరు, ఒక రకం యుద్ధనౌక. చేతిలోకి తీసుకోగానే నాకు వెన్ను నిటారైంది. పోటీల్లో వందకు పైగా ఓడలు చూశాను. ఇలాంటి పని రెండో మూడో చూసి ఉంటాను. కొవ్వొత్తి మీద ప్లాస్టిక్ వేడి చేసి సాగదీసి, వెంట్రుకంత తీగలు చేసి స్తంభాలకు కట్టాడు. అవి ఒక్కటి కూడా వదులు లేదు. అడుగు అతుకు మీద వేలు పోనిచ్చాను, గోరుకు తగల్లేదు. భూతద్దంలో చూస్తే గీతలున్నాయి. పెద్దాయనకు కనబడ్డ గీతలవే. అవి తప్పును దాచిన గీతలా, తప్పును దిద్దిన గీతలా అన్నది డబ్బా తెరిస్తే గానీ తేలదు.

టార్చి వెలిగించి ఓడ అడుగుకు ఆనించాను. ప్లాస్టిక్ గుండా వెలుగు ఎర్రగా వచ్చింది. లోపల ముందు నుంచి వెనక దాకా ఒక నల్లటి సన్నటి చార కనబడింది. చివర్లు రెండూ లోపలి గోడలకు గట్టిగా బిగించి ఉన్నాయి. ఖాజా మియాను చూడమన్నాను. ఆయన కంటి అద్దం పెట్టుకుని వంగాడు. చాలాసేపు లేవలేదు.

"అలారం ఘడీ స్ప్రింగు" అన్నాడు చివరికి. "దీని కోసం రెండు దినాలు వెదికిన."

మెలి తిరిగిన అడుగును నిటారుగా లాగి పట్టడానికి రహీం ఆ స్ప్రింగు ముక్కను లోపల పక్కటెముకలా పెట్టాడు. నేను పాతికేళ్లుగా కడుతున్నాను, నాకు ఎప్పుడూ ఆ ఊహ రాలేదు.

ఇక డబ్బా. సీలు మీద చెయ్యి పెట్టేసరికి నాలోని కొనుగోలుదారు మళ్లీ లేచాడు. అట్ట పలచగా ఉంది, బొమ్మ రంగులు కొత్త రకం, పక్కన పిల్లలకు హెచ్చరిక అచ్చు వేసి ఉంది. ఇది అచ్చు అరిగాక వచ్చిన సరుకు. రహీం మొదటి డబ్బా మూత ఏమైందని అడిగితే, గడియారం అద్దాలు పోసుకునే పెట్టెగా బల్ల మీదే ఉంది. అదే అట్ట, అదే బొమ్మ, అదే హెచ్చరిక. రెండూ ఒకే కాలపువి. ఇంతవరకు బయటి నుంచే చెప్పవచ్చని, తెరిస్తే దీని విలువ పోతుందని, అలాగే ఉంచమని అన్నాను. ఆ సలహా సగం నిజాయితీదే. తక్కిన సగానికి నాకు సిగ్గుగా ఉంది. ఖాజా మియా నా మాట పూర్తిగా విని, చిన్న కత్తి తీసి సీలు కోశాడు.

నేను ఓడ అడుగు రెండు సగాలు చట్రం నుంచి కోసి బల్ల అద్దం మీద పెట్టాను. కుడి సగం ముందు భాగం పైకి లేచి నిలబడింది, కింద నుంచి నా చిటికెన వేలు పోయింది. రెండూ కలిపి పట్టుకుంటే వెనక కలిశాయి, ముందు కలవలేదు. ముందు నొక్కితే వెనక విచ్చుకుంది. ఖాజా మియా నా చేతుల నుంచి తీసుకుని తానే కలిపి చూశాడు. ఒకసారి, ఇంకోసారి, తిప్పి ఇంకోసారి. ఇంటి తలుపుకు వేసిన పర్దా వెనక గాజుల చప్పుడైంది. ఆయన భార్య అక్కడే నిలబడి ఉందని అప్పుడు తెలిసింది.

"ఎండకు వంగిందేమో సార్" అన్నాడు ఖాజా మియా. "రెండేండ్లు రేకుల కింద ఉన్నది."

నాకు కావలసిన దారి అదే. అవును, ఎండకే వంగింది, రహీం కట్టిన మొదటి డబ్బా సంగతి ఎవరికీ తెలియదు అంటే సరిపోయేది. ఆ ముసలాయన రాత్రి కాస్త నిద్రపోయేవాడు. నేను సాయంత్రం బండికి నిశ్చింతగా వెళ్లేవాణ్ణి. అవును అనడానికి నోరు తెరిచాను కూడా. కానీ నా చేతి కింద రహీం ఓడ ఉంది. నేను ఆ మాటంటే దానికి ఇంకెవరూ సాక్ష్యం చెప్పరు.

కాదన్నాను. ఎండకు వంగితే చట్రాలు కూడా వంగాలి, అవి తిన్నగా ఉన్నాయి. స్కేలు పెట్టి చూపించాను. రెండు సగాలు కలవడానికి ఒకదానికి పిన్నులు, ఇంకోదానికి రంధ్రాలు ఉంటాయి. మూడో పిన్ను ఉండాల్సిన చోటు నుంచి బియ్యపు గింజంత పక్కకు జరిగి ఉంది. ఎండ పిన్నును జరపదు. అరిగిన అచ్చు జరుపుతుంది. రహీం ఓడలో సరిగ్గా అదే చోట, టార్చి వెలుగులో, పిన్ను కోసేసిన గుర్తు ఉంది. అంటే అతని డబ్బా కూడా ఇలాగే వచ్చింది. తప్పు ఎక్కడుందో అతను మొదటే పట్టుకున్నాడు, తర్వాత దాన్ని దిద్దాడు.

"ఆకురాయి పెట్టకుండ కట్టొచ్చునా?" అని అడిగాడు.

"ఎవరి వల్లా కాదు చాచా. నా వల్ల కూడా కాదు."

ఆయన చేతిలోని రెండు సగాలనూ మెల్లగా బల్ల మీద పెట్టాడు. నలభై దినాలు దినాం తిట్టిన, అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, నేను చెప్పింది రాసివ్వమన్నాడు. ఎందుకని అడిగితే, చెయ్యి కాదని బజారుకు చెప్పింది తానే కాబట్టి, అది కాదని కూడా బజారుకే తెలియాలన్నాడు. పర్దా వెనక నుంచి ఆమె గొంతు వినబడింది.

"ఇప్పుడు చెప్తవా? వినేటోడు ఏడున్నడు?"

ఖాజా మియా బల్ల కింది అర లాగాడు. నాకు తెల్ల కాగితం, కలం ఇచ్చాడు. ఇలా రాశాను: "ఎల్లారెడ్డి ఘడీసాజ్ ఖాజా మియా కుమారుడు రహీం కట్టిన ఓడను, అదే రకం కొత్త డబ్బాను పోల్చి చూశాను. తప్పు డబ్బాలో ఉంది. కట్టినవాని చేతిలో లేదు. ఈ డబ్బాతో ఇంత చక్కగా కట్టడం నా వల్ల కాదు." కింద సంతకం, నా ఊరు, పోటీలకు మార్కులు వేసేవాణ్ణన్న మాట. ఆయన నన్ను గట్టిగా చదివి వినిపించమన్నాడు. వినిపించాను. పాన్‌డబ్బా దగ్గర నిలబడ్డ ఇద్దరు ముగ్గురు ఇటు తిరిగారు. ఇంకోసారి చదవమన్నాడు. రెండోసారి చదివేసరికి వాళ్లు బల్ల దగ్గరికి వచ్చారు.

భోజనం చేయకుండా వెళ్లనివ్వలేదు. జొన్నరొట్టె, పుల్లటి పప్పు, ఉల్లిగడ్డ. ఆమె పర్దా దాటి వచ్చి పళ్లెం పెట్టి లోపలికి వెళ్లింది. ఖాజా మియా తినలేదు. నేను తింటున్నంతసేపు ఆ కాగితం అడుగున ఉర్దూలో ఏదో రాస్తూ కూర్చున్నాడు, ఒక్క వరసే, ఆగి ఆగి. నాకు ఉర్దూ చదవడం రాదు. తర్వాత మైదా జిగురుతో ఆ కాగితాన్ని బల్ల ముందు అద్దానికి, వీధిలో వాళ్లకు కనబడేట్టు అతికించాడు. దారి ఖర్చు ఇవ్వబోతే తీసుకోలేదు. డబ్బా సంగతి నేను ఎత్తలేదు. ఆయన ముక్కలన్నీ మళ్లీ పెట్టెలో సర్ది, అదే తెల్ల గుడ్డలో చుట్టాడు.

మూడుంపావుకు బస్సు. పాన్‌డబ్బా ఆయన నాతో పాటు బస్టాండు దాకా నడిచాడు, అటు పనుందట. కాగితం కింద ఖాజా మియా ఏం రాశాడని అడిగాను.

"రహీం చెప్పిండు, నేను వినలే, అని రాసిండు సార్."

బస్సు బజారు గుండానే బయటికి పోయింది. దుకాణం ముందు నలుగురు నిలబడి చదువుతున్నారు. ఖాజా మియా వాళ్ల వెనక, స్టూలు మీద, తల వంచుకుని ఉన్నాడు. కంటికి అద్దం లేదు. కుర్చీ ఖాళీగా ఉంది, నేను లేచినప్పటి నుంచి ఆయన అందులో కూర్చున్నట్టు లేదు.

నాలుగు యాభైకి కామారెడ్డి, అయిదు ఇరవైకి బండి, అది వచ్చింది ఆరింటికి. పెట్టెలో చోటు దొరికింది. అక్కన్నపేట రాకముందే కిటికీ బయట చీకటి పడింది. ఎల్లారెడ్డి వెళ్లాలనుకునేవాళ్లకు చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. ఊరు చిన్నది, మనుషులు మర్యాదస్తులు, బస్సులు దొరుకుతాయి, ఉండటానికి మంచి చోటు కావాలంటే కామారెడ్డికి రావాలి. బజారులో ఘడీల దుకాణం ముందు ఆగితే, కాగితం ఎండకు పోకుండా ఉంటే, చదవండి. అందులో నా సంతకం ఉంటుంది.

మేడ్చల్ దగ్గర పడుతుండగా నాకు మా పోటీలో ఆ మనిషి గుర్తొచ్చాడు, కిట్టే వంకరగా వచ్చింది సార్ అన్న ఆయన. కొనేటప్పుడు నేను ఎప్పుడూ పెట్టెనే అనుమానించాను. మార్కులు వేసేటప్పుడు ఒక్కసారి కూడా పెట్టె చూపించమని అడగలేదు, మనిషినే అనుమానించాను. ఆయన ఓడను నేను చేతిలోకి తీసుకున్న గుర్తు కూడా లేదు. ఆయన దాన్ని అట్టపెట్టెలో పెట్టుకుని, వీపు మా వైపు తిప్పి, మెట్లు దిగి వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు. సికింద్రాబాదు వచ్చే దాకా ఆయన పేరు గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించాను, రాలేదు.